తీర్ందు పోచ్చు అంటే భయపడొద్దు

మా వరండాలో మూడు సైకిళ్లున్నాయి. తొక్కేది నేనొక్కదాన్నే. ఒకటి మా అబ్బాయి కాలేజీకి పోతూ వదిలేసి వెళ్లింది, ఇప్పుడు నాది. రెండోది ఎత్తు కడ్డీతో నల్లగా నిలబడి ఉండే పాతకాలపు హెర్క్యులిస్, మా ఫోర్‌మన్ అన్నది. మూడోది ముందు బుట్ట ఉన్న గులాబీరంగు లేడీబర్డ్, మా సిస్టర్‌ది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు "మీ ఇంట్లో అందరూ తొక్కుతారా?" అని అడుగుతారు. ఆ, తొక్కుతారు అంటాను. చెప్పులు విడుస్తున్న మనిషికి గుమ్మంలో చెప్పేంత చిన్న సంగతి కాదది. ఇవాళ తీరిగ్గా కూచుని రాద్దామనుకుంటున్నాను.

వాళ్ల పేర్లు రాయడం లేదు. మేమెప్పుడూ పేర్లు పెట్టి పిలుచుకోనూ లేదు. ఫోర్‌మన్ అన్న, సిస్టర్, మాస్టారు. నేను వాళ్లకి "నాయుడుపేట అక్క"ని, మాస్టారికి మాత్రం "అమ్మాయ్"ని.

నాయుడుపేటలో మా చిన్నప్పుడు సైకిలు అద్దెకిచ్చేవాళ్లు. గంటకి ఇంత అని. మా అన్న తీసుకొస్తే చివరి పది నిమిషాలు నాకు వదిలేవాడు. కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా పక్కకి వంచి, సగం పెడలే తొక్కుకుంటూ స్వర్ణముఖి ఒడ్డుదాకా పోయి ఇసుకలో పడి లేచి వచ్చేదాన్ని. పదమూడేళ్లు వచ్చాక, ఓణీ వేశాక, ఇంక చాల్లే అన్నారు. ఎవరూ కోప్పడలేదు, మామూలుగానే అన్నారు. నేనూ మామూలుగానే మానేశాను. 1992లో పెళ్లయి మద్రాసు వచ్చాను. మా ఆయనకి పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీలో ఉద్యోగం, ఇల్లు విల్లివాక్కంలో. పిల్లాడు, వంట, నీళ్ల లారీ దగ్గర బిందెల వరస. ఇరవై ఏళ్లు ఇట్టే గడిచిపోయాయి.

2013లో పిల్లాడు హాస్టలుకి వెళ్లాడు. వాడి సైకిలు బాల్కనీలో దుమ్ము పట్టి, ముందు చక్రం వంకర తిరిగి ఉంది. పాత సామాన్లవాడికి వేసేద్దామని కిందికి దించితే, ఎదురు వీధిలో ఇంటిముందు కూచుని ఉన్న పెద్దాయన లేచి వచ్చాడు. "ఏమ్మా, దీన్ని పారేస్తావా? అయ్యయ్యో, ఒరు పది నిమిషం ఇవ్వు నాకు" అన్నాడు. ఆయన తెలుగు అలాగే ఉంటుంది. మూడు తరాలుగా పెరంబూరులో పుట్టి పెరిగిన కుటుంబం. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే గాని బడిలో చదివింది కాదు. వాక్యం తెలుగులో మొదలై మధ్యలో తమిళంలోకి పోయి మళ్లీ తెలుగులోకి వచ్చేది. నాకు ఆ భాషంటే చాలా ఇష్టం.

ఆయన అంబత్తూరు సైకిల్ ఫ్యాక్టరీలో చక్రాల సెక్షన్లో చేసి రిటైరయ్యాడు. మా ఫోర్‌మన్ అన్న ఈయనే. 1949లో మొదలైన కంపెనీ అది. మద్రాసులో సైకిలు తొక్కిన ఏ ఇంట్లోనైనా దాని సరుకు ఒకటైనా ఉండి ఉంటుంది. ఆ రోజు ఆయన చేసిన పని నేను పక్కన కూచుని చూశాను. అప్పట్నుంచి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు గాని ఆ మొదటిసారి కళ్లకు కట్టినట్టుంది.

సైకిల్ని తలకిందులు చేసి సీటూ హ్యాండిలూ నేలమీద ఆనించాడు. చక్రాన్ని వేలితో ఓ తోపు తోశాడు. తిరుగుతుంటే సుద్దముక్క రిమ్ముకి దగ్గరగా, తగిలీ తగలనట్టు పట్టుకున్నాడు. రిమ్ము ఎక్కడ బయటికి వంగి ఉందో అక్కడ మాత్రం సుద్ద గీసుకుంది. రెండు చోట్ల తెల్లటి మచ్చలు పడ్డాయి. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న స్పోకు తాళం తీశాడు. రిమ్ము ఎడమకి వంగితే కుడివైపు పుల్ల బిగించాలి, ఎడమవైపుది కొంచెం వదలాలి. ఒక్కోసారి పావు చుట్టే, అంతకు మించి తిప్పకూడదట. "తొందరపడితే ఇంకోవైపు వంకర పోతుందమ్మా" అన్నాడు. బిగించిన ప్రతి పుల్లనీ వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. వదులుగా ఉన్న పుల్ల మొద్దుగా మోగుతుంది. సరిగ్గా బిగిసింది సన్నగా, తీగలా పలుకుతుంది. పాత పెద్ద సైకిళ్లకి ముందు చక్రంలో 32 పుల్లలు, వెనక 40 ఉంటాయని అప్పుడే చెప్పాడు. వెనక ఎనిమిది ఎందుకు ఎక్కువన్నా అంటే, "మనిషి బరువూ మూట బరువూ వెనకే గదమ్మా పడేది" అన్నాడు.

అరగంటకి చక్రం నీళ్లు తిరిగినట్టు తిరిగింది. "ఎక్కు" అన్నాడు. నలభై మూడేళ్ల మనిషిని, వీధిలో అందరూ చూస్తుంటే, ముప్ఫయ్యేళ్ల తర్వాత ఎక్కాను. ఒళ్లు మరిచిపోలేదు. వీధి చివర పాలబూత్ దాకా పోయి తిరిగి వచ్చేసరికి ముఖం మీద నవ్వు ఆగడం లేదు.

ఆదివారాలు ఆయనా, ఇంకో నలుగురైదుగురూ కలిసి తెల్లారుజామున బయల్దేరేవాళ్లు. నన్నూ రమ్మన్నారు. మా గుంపుకి పేరు లేదు, బ్యానర్ లేదు, ఒకే రంగు టీషర్టులు లేవు. విల్లివాక్కం స్టేషన్ దగ్గర టీ కొట్టు ముందు అయిదింటికి చేరడం, టీ తాగడం, ఎటు పోదామంటే అటు పోవడం. అక్కడే మాస్టారు పరిచయమయ్యారు. తెలుగు మీడియం బడిలో ముప్ఫయ్యేళ్లకు పైగా పాఠం చెప్పి రిటైరైన మనిషి. అప్పటికే డెబ్బై దాటాయి. తెల్లపంచె పైకి మడిచి కట్టి, క్లిప్పు పెట్టి, నెమ్మదిగా తొక్కేవారు. ఆయన కోసం మేమందరం నెమ్మదిగా పోయేవాళ్లం. దానివల్లే ఊరు చూడగలిగానని ఇప్పుడనిపిస్తుంది.

నా మొదటి దూరప్రయాణం పూండి చెరువుకి. 2014 జనవరిలో. ఆవడి, తిరువళ్లూరు మీదుగా పోయాం. పొగమంచు, రోడ్డు పక్క చింతచెట్లు, తిరువళ్లూరులో పొంగలి. పూండి జలాశయం 1944లో కట్టింది. కానీ మాస్టారు మమ్మల్ని చెరువు చూపించడానికి తీసుకుపోలేదు, దాంట్లోకి వచ్చి పడే కాలువ చూపించడానికి తీసుకుపోయారు. తెలుగుగంగ. కృష్ణ నీళ్లు మా నెల్లూరు సీమలోని కండలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా నడిచి ఇక్కడికి వస్తాయి. 1983లో ఆంధ్ర, తమిళనాడు ప్రభుత్వాలు ఒప్పందం రాసుకుంటే, 1996లో గాని నీళ్లు రాలేదు. "ఆ ఏడే మద్రాసు పేరు చెన్నై అయింది అమ్మాయ్. పేరు మారిన ఏడే నీరూ మారింది" అన్నారు మాస్టారు. ఆ రోజు కాలువలో నీళ్లు నిండుగా పోతున్నాయి. ఆయన మెట్ల మీద కూచుని చెయ్యి నీళ్లలో పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయారు. నేను కూడా పెట్టాను. కొత్త కాపురంలో ఎర్ర బిందె, నీలం బిందె పట్టుకుని లారీ కోసం నిలబడిన రోజులు గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఎప్పుడో కొళాయిలో నీళ్లొస్తే, అవి మా పుట్టింటివైపు నుంచి వస్తున్నాయని నాకెవరూ చెప్పలేదు.

తిరుగు దారిలో ఎండ ఎక్కింది, సముద్రపుగాలి ఎదురు తిరిగింది. మేం తూర్పుకి పోవాలి, గాలి తూర్పు నుంచి వస్తోంది. కాళ్లు పీకుతున్నాయి, ముందుకు సాగడం లేదు. ఫోర్‌మన్ అన్న పక్కకి వచ్చి, "నా వెనక చక్రం చూసుకుంటూ రా. మూరెడు దూరంలో. తల ఎత్తొద్దు" అని నా ముందుకు పోయాడు. అంతే, గాలి ఆగిపోయినట్టయింది. గాలినంతా ఆయన మొయ్యడం వల్ల వెనకున్న నాకు సగం బరువు తగ్గినట్టుంది. ఆవడి దాకా ఆయన వెనక చక్రం, దాని మడ్‌గార్డు మీద ఎర్ర రిఫ్లెక్టరు, ఇవి తప్ప నేనేమీ చూడలేదు. ఆ తర్వాత ఐదేళ్లూ ఎదురుగాలంటే ఆయనే ముందు. ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

సిస్టర్ 2014 ఎండాకాలంలో వచ్చి కలిసింది. కావలి అమ్మాయి. సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రిలో నర్సు. ఇక్కడందరూ జీహెచ్ అంటారు. 1664లో సెయింట్ జార్జి కోట లోపల మొదలైన ఆసుపత్రి అది, మాస్టారు చెప్పగా తెలిసింది. బరువు తగ్గడానికి సైకిలు కొన్నానని చెప్పింది గాని టిఫిన్ దగ్గర అందరికంటే ఎక్కువ తినేది, అందరి ప్లేట్లలోంచీ తినేది. గట్టిగా నవ్వేది. ఆ నవ్వు వినపడితే చాలు, వెనకబడ్డవాళ్లు కూడా పెడల్ గట్టిగా తొక్కేవాళ్లు.

ఒక ఆదివారం మౌంట్ రోడ్డులో టిఫిన్ చేస్తుంటే ఆమె అంది: "అక్కా, మీరంతా ఇట్టా సైకిలేసుకుని దోసెలకి వస్తారు గదా. దార్లో మా ఆసుపత్రికొచ్చి గంటసేపు తెలుగు మాట్లాడి పోకూడదా?"

మాకు అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. గూడూరు, నాయుడుపేట, వెంకటగిరి, సూళ్లూరుపేట, ఇటువైపు జనమంతా పెద్ద జబ్బు చేస్తే మద్రాసే వస్తారు. సూళ్లూరుపేటలో లోకల్ రైలెక్కితే సెంట్రల్ పక్కనే, మూర్ మార్కెట్ స్టేషన్‌లో దిగొచ్చు. రోడ్డు దాటితే ఆసుపత్రి. దిగడం తేలికే. దిగాక భాష రాదు. ఏ బ్లాకు ఎక్కడో, ఏ చీటీ ఎక్కడ ఇవ్వాలో, మాత్ర తిండికి ముందో తర్వాతో తెలియదు. అడగడానికి మొహమాటం. "డ్యూటీలో నేనెంతమందికని చెప్పేది? ఒక్క మనిషి తెలుగులో పలకరిస్తే చాలక్కా, సగం టెన్షన్ పోద్ది వాళ్లకి."

ఆ మరుసటి ఆదివారం పోయాం. విల్లివాక్కం నుంచి పది కిలోమీటర్లు ఉంటుందేమో. పోయాక ఏం చెయ్యాలో తెలియక చెట్టుకింద నిలబడ్డాం. మాస్టారే ముందు కదిలారు. మూటా ముల్లె పెట్టుకుని గోడకి ఆనుకుని కూచున్న ముసలాయన దగ్గరికి పోయి, "ఏవూరు నాయనా మనది?" అన్నారు. ఆ ముసలాయన తల ఎత్తి చూసిన చూపు నేను మర్చిపోలేను. దారి తప్పిన పిల్లాడికి అమ్మ కనపడితే ఎలా చూస్తాడో అలా చూశాడు. వాళ్లిద్దరూ ముప్పావుగంట మాట్లాడుకున్నారు. అందులో జబ్బు సంగతి ఐదు నిమిషాలే. మిగతాదంతా వేరుశనగ, వానలు, కూతురి పెళ్లి.

అలా మొదలైంది. చేసేది గొప్ప పనేమీ కాదు. చీటీలు నింపడం, దారి చూపించడం, మందుల కిటికీ దగ్గర పక్కన నిలబడడం, అమ్మ క్యాంటీన్ ఎక్కడుందో చెప్పడం. రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకి సాంబారన్నం, మూడు రూపాయలకి పెరుగన్నం దొరుకుతుందంటే చాలామంది నమ్మేవాళ్లు కాదు, ఎంత కొసరు అడుగుతారో అని అనుమానంగా చూసేవాళ్లు. ఒకసారి వెంట వెళ్లి తినిపించి వస్తే అప్పుడు ధైర్యం.

మూడో వారమో నాలుగో వారమో ఒక సంగతి జరిగింది. పులికాట్ చెరువు పక్క పల్లె నుంచి వచ్చిన ఒకామె, ముప్ఫై ఐదేళ్లుంటాయి, భర్తకి సెలైన్ పెట్టి ఉంటే మంచం పక్కన నిలబడి ఉంది. ఆయన మత్తులో ఉన్నాడు. నేను కాగితాలేవో ఇవ్వడానికి ఆమెతో లోపలికి వెళ్లాను. ఆ పక్కగా పోతున్న ఆయమ్మ సీసా చూసి, "తీర్ందు పోచ్చు మా" అని, నర్సుని పిలవడానికి గబగబా ముందుకి పోయింది. మామూలు మాట. తమిళంలో అయిపోయింది అని అర్థం. బియ్యం అయిపోయినా, పాలు అయిపోయినా అదే మాట అంటారు. ఈమెకి వినపడింది 'తీరిపోయింది' అని. ఒక్క క్షణం భర్త ముఖంకేసి చూసింది. తర్వాత గుండెలు బాదుకుంటూ, "తీరిపోయిందంట... నా సామీ, తీరిపోయిందంట" అని నేలమీద కూలబడిపోయింది. నాకు నోట మాట రాలేదు. నాకు తమిళం వచ్చు. ఇరవై రెండేళ్లుగా మాట్లాడుతున్నాను. అయినా ఆ ఏడుపు ముందు నేను కూడా నిజమేనేమో అనుకున్నాను.

సిస్టర్ పరుగున వచ్చింది. ఒక చేత్తో సీసా మార్చింది, రెండో చేత్తో ఆమె తల పొట్టకి ఆనించుకుంది. "నీ మొగుడికేం కాలేదమ్మా. సీసాలో నీళ్లు అయిపోయినాయి, అంతే. చూడు, ఆయన కడుపు చూడు, ఎగిరెగిరి పడతా ఉంది. ఊపిరి చూడు" అంది. ఆమె లేచి భర్త కడుపు మీద చెయ్యి పెట్టి చూసుకుంది. చెయ్యి తీయలేదు. చాలాసేపు తీయలేదు.

ఆ రోజు తిరిగి పోతూ ఎవరం మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం మాస్టారు మా ఇంటికొచ్చి తెల్లకాగితం అడిగారు. తెలుగు వాక్యం, పక్కన అదే మాట తమిళంలో ఎలా అనాలో తెలుగక్షరాల్లో. పెద్ద పెద్ద గుండ్రటి అక్షరాలు. తమిళం సరిచూసింది ఫోర్‌మన్ అన్న, ఆసుపత్రి మాటలు చెప్పింది సిస్టర్. 'నాకు తమిళం రాదు, నెమ్మదిగా చెప్పండి' పక్కన 'ఎనక్కు తమిళ్ తెరియాదు, మెదువా సొల్లుంగ.' 'ఎక్స్‌రే ఎక్కడ తీయించాలి' పక్కన 'ఎక్స్‌రే ఎంగె ఎడుక్కణుం.' 'తిండికి ముందా, తర్వాతా' పక్కన 'సాప్పాట్టుక్కు మున్నాడియా, పిన్నాడియా.' తల తిరుగుతోంది అంటే 'తలై సుత్తుదు'. ఊపిరాడడం లేదు అంటే 'మూచ్చు తిణరుదు'. సూదిమందుని ఇక్కడ 'ఊసి' అంటారు. మొత్తం 22 వాక్యాలు. ఇరవై రెండోదానికి మాత్రం పక్కన తమిళం లేదు. అది ఇలా ఉంటుంది: "తీర్ందు పోచ్చు అంటే భయపడొద్దు. సీసాయో మందో అయిపోయిందని అర్థం. మనిషికి ఏమీ కాలేదు."

జిరాక్స్ తీయించి నాలుగు మడతలు పెట్టి పంచాం. చొక్కా జేబులో, రవికెలో, పసుపుసంచిలో పట్టేలా. ఎన్ని వందలు పంచామో లెక్క పెట్టుకోలేదు.

2015 డిసెంబరు వరదల గురించి ఎక్కువ రాయను, అందరూ రాశారు. ఒకటో తారీఖు రాత్రి కురిసిన వాన అలాంటిది. ఫోన్లు పనిచేయలేదు, విమానాశ్రయం మూసేశారు. రెండో తారీఖున 'ది హిందూ' పత్రిక అచ్చు కాలేదు, 1878లో మొదలుపెట్టాక అలా జరగడం అదే మొదటిసారి. మాస్టారు గుమ్మంలో నిలబడి, "పేపరు రాలేదంటే ఊరికేదో అయింది" అని సైకిలు తీశారు. నీళ్లు తీసిన వీధుల్లోకి కొవ్వొత్తులు, పాలపొడి, బీపీ మాత్రలు మోశాం. సైదాపేట వైపు బురద చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పేరుకుపోతే, ఫోర్‌మన్ అన్న కొబ్బరిపుల్లతో గీకుతూ మూడు రోజులు మాతో తిరిగాడు.

నాలుగేళ్లు తిరక్కుండానే అంతా తలకిందులైంది. 2019లో వానల్లేక ఊరికి నీళ్లిచ్చే చెరువులన్నీ ఎండిపోయాయి. మేం చెయ్యి ముంచిన పూండి కూడా. జులై 12న జోలార్‌పేట నుంచి నీళ్ల రైలు వచ్చింది. యాభై వ్యాగన్లు, 25 లక్షల లీటర్లు. వచ్చింది ఎక్కడికో కాదు, మా విల్లివాక్కం స్టేషన్‌కే. జనమంతా చూడ్డానికి పోయాం. ఫోర్‌మన్ అన్న చూసి వచ్చి ఏమీ మాట్లాడకుండా ఇనపకడ్డీలు వంచుతూ కూచున్నాడు. మా సైకిళ్ల క్యారియర్లకి రెండువైపులా కొక్కేలు పెట్టాడు, బిందె మెడ సరిగ్గా పట్టేలా. బిందెకి పదిహేను లీటర్లు. మేడమీద ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు మా నాలుగు వీధుల్లో ఎవరెవరున్నారో మాస్టారు చీటీ రాశారు. పొద్దున్నే లారీ దగ్గర పట్టి వాళ్ల గుమ్మాల్లో పెట్టేవాళ్లం. నీళ్ల బిందెలతో సైకిలు తొక్కడం వేరే విద్య. మలుపు తిరిగేటప్పుడు నీళ్లు ఒకవైపుకి ఊగుతాయి, మనం రెండోవైపుకి ఊగాలి. సిస్టర్ డ్యూటీ దిగి నిద్ర కళ్లతో వచ్చి ఆ గులాబీ సైకిలు మీద రెండు బిందెలు పెట్టుకుని, తొణికినప్పుడల్లా నవ్వుతూ పోయేది. దాని క్యారియర్‌కి ఆ కొక్కేలు ఇప్పటికీ ఉన్నాయి. తీయలేదు.

ఆ డిసెంబరులో ఒక ఆదివారం ఫోర్‌మన్ అన్న టీ కొట్టుకి రాలేదు. ఎప్పుడూ మాకంటే ముందుండే మనిషి. ఐదుంబావు అయింది, ఐదున్నర అయింది. వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. రాత్రి నిద్రలోనే. ముందురోజు సాయంత్రం నా సైకిలు చెయిను తీసి కిరసనాయిల్లో కడిగి ఇచ్చాడు. ఆ వాసన నా చేతులకింకా ఉంది.

పదకొండో రోజు వదిన హెర్క్యులిస్‌ని తోసుకుంటూ మా గుమ్మంలోకి వచ్చింది. "మా ఇంట్లో తొక్కేవాళ్లు లేరమ్మా. గాలి తగ్గకుండా చూసుకో, చాలు" అంది. నేను ఏం మాట్లాడాలో తెలియక టైరు నొక్కి చూశాను. గాలి నిండుగా ఉంది. ఆయన కొట్టిన గాలే.

సిస్టర్ సంగతి రాయడం కష్టం. 2021 మే, కరోనా రోజులు. ఏప్రిల్ చివర్లో ఒకసారి ఫోన్ చేసింది. ఆ రక్షణ దుస్తుల్లో నుంచి అప్పుడే బయటపడిందట, గొంతు ఎండిపోయి ఉంది. "అక్కా, మన కాగితాలు అయిపోయినాయి. ఊళ్లో తిరగనియ్యరు గదా, ఎట్టయినా ఇంకో వంద తీపించండి. లోపలికి ఎవర్నీ రానియ్యడం లేదు, పాపం ఒక్కళ్లే పడుకుని ఉండారు, ఆ కాగితం చూపించి మాట్లాడతా ఉండారు" అంది. తీయించాను. మా ఆయన ఎవరి ద్వారానో పంపించారు. పది రోజుల తర్వాత ఆమే ఆ మంచాల్లో ఒకదాని మీద ఉంది. తర్వాత తొమ్మిది రోజులు. మేమెవరం చూడలేదు. చూడనివ్వలేదని ఎవర్ని అనగలం, ఆ రోజులు అలాంటివి. నలభై నాలుగేళ్లు.

మాస్టారు 2024 ఫిబ్రవరిలో పోయారు. ఎనభై నిండాయి. చూపు మందగించాక సైకిలు మానేసి ఆటోలో వచ్చేవారు ఆసుపత్రికి. భోంచేసి, పేపరు మీద పెన్ను పెట్టుకుని కునుకు తీశారట, అంతే. నిండు బతుకు. ఏడవడానికి కారణం వెతుక్కోవాలి. నాకు వెతుక్కోకుండానే దొరికింది. ఇంక నన్ను "అమ్మాయ్" అనే మనిషి లేడు.

సిస్టర్ పోయాక దాదాపు రెండు నెలలు సైకిలు ముట్టుకోలేదు నేను. జులైలో ఒక తెల్లవారుజామున నిద్ర పట్టక లేచి పుళల్ చెరువు వైపు పోయాను. ఒక్కదాన్నే. రాత్రి వాన కురిసి రోడ్డు తడిగా ఉంది. గట్టు పక్కన కొంగలు. చిన్న దిగుడొస్తే పెడల్ ఆపేశాను. చక్రాలు వాటంతటవే తిరుగుతున్నాయి, గాలి చెవుల్లో పడుతోంది, ఒళ్లు తేలికైపోయింది. సంతోషమేసింది. వెంటనే సిగ్గేసింది. ఆ పిల్ల అలా పోయి ఇంకా రెండు నెలలు కాలేదు, నాకు సంతోషమేమిటి అనుకున్నాను. బ్రేకు వేసి గట్టుమీద కూచుని ఏడ్చాను. కడుపునిండా ఏడ్చాక తెలిసిందేంటంటే, ఆ సంతోషంలో వాళ్లు ఉన్నారు. ఏడుపులో కంటే అందులోనే ఎక్కువగా ఉన్నారు. చక్రం ఒంకర లేకుండా తిరుగుతోందంటే అది అన్న చెయ్యి. దిగుడులో కాళ్లు చాపి నవ్వడం సిస్టర్ నేర్పింది. ఆగి చెరువు చూడడం మాస్టారు నేర్పింది. ఇది నన్ను నేను ఓదార్చుకోడానికి రాయడం లేదు. ఆ గట్టుమీద నాకు అలాగే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది.

ఇప్పుడు మేం ఆరుగురం. ఇద్దరు కుర్రాళ్లు కంపెనీల్లో పనిచేసేవాళ్లు, ఒకమ్మాయి గూడూరు నుంచి వచ్చి నర్సింగ్ చదువుతోంది. ఆ అమ్మాయికి లేడీబర్డ్ ఇద్దామని రెండుసార్లు అనుకున్నాను. మూడోసారి అనుకున్నప్పుడు ఇస్తాను. నెలకొకసారి హెర్క్యులిస్ నేనే తీస్తాను. అది నాకు ఎత్తు ఎక్కువ, కడ్డీ దాటించడం కష్టం, అయినా తీస్తాను. దానిమీద తిరువళ్లూరు దాకా పోయి వస్తుంటే ఆవడి ఇవతల ఎప్పటిలాగే గాలి ఎదురు తిరుగుతుంది. నర్సింగ్ అమ్మాయికి ఆయాసం వస్తుంది. "నా వెనక చక్రం చూసుకుంటూ రా అమ్మా. మూరెడు దూరంలో" అని ముందుకు పోతాను. ముందు తొక్కేవాళ్లకి గాలి ఎంత బరువుంటుందో ఇప్పుడు తెలుస్తోంది. అన్న ఒక్కసారి కూడా చెప్పలేదు.

కాగితం కూడా మారింది. స్కానింగులు, ఇన్సూరెన్స్ కార్డులు, ఆధార్ మాటలు చేర్చాల్సి వచ్చింది. ఇప్పుడు 31 వాక్యాలు. కుర్రాళ్లు కంప్యూటర్‌లో కొట్టి ప్రింటు తీస్తామన్నారు. తీశారు, బాగుంది కూడా. కానీ మాస్టారి గుండ్రటి అక్షరాలంత తేలికగా ముసలి కళ్లకి ఆనడం లేదు. అందుకని ఆయన రాసినట్టే నేను చేత్తో రాసి జిరాక్స్ తీయిస్తున్నాను. ఇరవై రెండోదాన్ని మాత్రం చివరికి జరిపాను, పెద్ద అక్షరాల్లో.

మొన్న ఆదివారం వార్డులో ఉన్నాను. వెంకటగిరి వైపు నుంచి వచ్చిన ఒకామె, తల్లికి తోడుగా. పొద్దున్న కాగితం ఇచ్చింది నేనే. చదువుకున్న మనిషిలా లేదు, కూడబలుక్కుంటూ చదివింది. నేను పక్క మంచం దగ్గర ఒక పెద్దాయనకి మాత్రలు ఏవి ఎప్పుడో చెబుతున్నాను. వెనక నుంచి ఆమె గొంతు వినపడింది, భయం లేకుండా, కాస్త గర్వంగా కూడా, సీసా వైపు వేలు చూపిస్తూ:

"సిస్టర్! తీర్ందు పోచ్చు!"

అటు నుంచి యూనిఫాంలో ఉన్న చిన్నపిల్ల ఎవరో వస్తోంది. నాకంటే ముందు నా తల తలుపు వైపు తిరిగిపోయింది.